కాలేయవ్యాధి నిర్ధారణ: అనిశ్చితిని, సమాచార లోపాన్ని ఎదుర్కోవడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• రోగ నిర్ధారణ సమయంలో కలిగే అనిశ్చితి అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• కాలం చెప్పవలసినవి, పరీక్ష చెప్పగలిగినవి, మనిషి చెప్పవలసినవి అనే మూడు రకాల సందేహాలను వేరు చేయగలుగుతారు.
• రోగికి, వైద్యుడికి మధ్య సంభాషణ ఎక్కడ, ఎందుకు దెబ్బతింటుందో గుర్తించగలుగుతారు.
• హెపటైటిస్-బి ఉదాహరణ ఆధారంగా, ఒక్కొక్క రకం సందేహాన్ని ఎదుర్కొనే పద్ధతిని సూచించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

దీర్ఘవ్యాధి మనసు మీద చూపే ప్రభావం వ్యాధి ముదిరిన తరవాత మొదలవుతుందని సాధారణంగా అనుకుంటాం. నిజానికి చాలామందికి అతి కష్టమైన కాలం అంతకు ముందే వస్తుంది. వ్యాధి పేరు చెవిన పడింది, దాని అర్థం మాత్రం తెలియలేదు. ఈ మధ్యకాలం కొన్ని రోజులు కావచ్చు, కొన్ని నెలలు కావచ్చు. ఈ భాగంలో మనం ఆ కాలాన్ని గురించి చదువుతాం.

ఇందుకు కాలేయవ్యాధిని ఎన్నుకోవడానికి కారణం ఉంది. పన్ను పుచ్చితే నొప్పి చెబుతుంది, కాలు విరిగితే కన్ను చూస్తుంది. కాలేయం అలా చెప్పదు. దానికి మిగులు శక్తి ఎక్కువ. చాలా భాగం దెబ్బతిన్న తరవాత కూడా మిగిలిన భాగం పని నెట్టుకొస్తుంది. అందువల్ల రోగి ఆరోగ్యంగా తిరుగుతుంటాడు, చేతిలోని కాగితం మాత్రం వ్యాధి ఉందంటుంది. తన శరీరం తనకు ఏమీ చెప్పనప్పుడు మనిషి పూర్తిగా ఇతరుల మాటల మీద ఆధారపడవలసి వస్తుంది. ఆ మాటలు సరిగా అందకపోతే అతనికి మరో ఆధారం లేదు.

9.2 ఒక ఉదాహరణ

ఇది కల్పిత ఉదాహరణ. అయితే ఇందులోని ఏ ఘట్టమూ అరుదైనది కాదు.

జగిత్యాల దగ్గరి ఒక గ్రామంలో 31 సంవత్సరాల యువకుడు సెంట్రింగు పని చేసేవాడు. గల్ఫ్‌లో పని దొరికింది. ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి, హైదరాబాదులో వైద్యపరీక్షలు చేయించుకున్నాడు. రెండు రోజుల తరవాత ఏజెంటు ఫోను చేసి, "అన్‌ఫిట్ వచ్చింది. రక్తంలో హెపటైటిస్ ఉన్నదట" అన్నాడు. అంతకు మించి ఏజెంటుకూ తెలియదు.

యువకుడు ఆ కాగితం పట్టుకొని దగ్గరి పట్టణంలోని వైద్యుడి దగ్గరకు వెళ్లాడు. బయట ఇంకా చాలామంది వేచి ఉన్నారు. వైద్యుడు కాగితం చూసి, "బి పాజిటివ్. ఇప్పుడు భయపడాల్సింది ఏమీ లేదు, ఆరు నెలలకోసారి చూపించుకో" అని చెప్పి పంపాడు. వైద్యపరంగా ఆ మాటలో తప్పు లేదు.

ఇంటికి వచ్చాక ఏం జరిగిందో చూడండి. "బి పాజిటివ్ అంటే బ్లడ్ గ్రూపే గదా!" అన్నాడు పక్కింటాయన. "పాజిటివ్ అంటే ఎయిడ్సే" అన్నాడు మరొకాయన. తల్లి కంచం, గ్లాసు వేరు చేసింది. "ఎక్కడ అంటించుకొని వచ్చాడో" అన్న మాట ఎవరి నోటి నుంచో వచ్చి భార్య చెవిన పడింది. ఆమె పిల్లను తీసుకొని పుట్టింటికి వెళ్లింది. బంధువు ఒకాయన పసరు మందు ఇప్పించాడు. మూడు ఆదివారాలు పరగడుపున తాగాడు. నూనె, పసుపు, ఉప్పు మానేసి పథ్యం పట్టాడు. బరువు ఎత్తితే కాలేయం పగులుతుందని ఎవరో అంటే రెండు నెలలు పనికి పోలేదు. అప్పుకు వడ్డీ పెరిగింది.

ఈ రెండు నెలల్లో వైరస్ అతనికి ఏ బాధా కలిగించలేదు. పని పోవడం, భార్య దూరం కావడం, తిండి తగ్గడం, అప్పు పెరగడం, ఇవన్నీ తెలియకపోవడం వల్ల జరిగినవి. అతనికి ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెప్పవలసిన నాలుగు మాటలు ఎవరూ చెప్పలేదు. ఈ తేడాను గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

9.3 అనిశ్చితి అంటే ఏమిటి?

అమెరికాకు చెందిన నర్సింగ్ పరిశోధకురాలు మెర్ల్ మిషెల్ 1988లో 'వ్యాధిలో అనిశ్చితి' అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వ్యాధికి సంబంధించిన సంఘటనలకు అర్థాన్ని నిర్ణయించుకోలేకపోవడమే అనిశ్చితి అని ఆమె నిర్వచించారు. అది నాలుగు రూపాల్లో కనిపిస్తుందని చెప్పారు. వాటిని మన ఉదాహరణతో పోల్చి చూడండి.

అస్పష్టత: వ్యాధి ఏ స్థితిలో ఉందో తెలియకపోవడం. యువకుడికి తాను రోగినో కాదో కూడా తెలియదు.

సంక్లిష్టత: చికిత్సా పద్ధతి, ఆసుపత్రి వ్యవస్థ అర్థం కాకపోవడం. ఏ వైద్యుడి దగ్గరకు పోవాలో, ఏ పరీక్ష దేనికో అతనికి తెలియదు.

సమాచార లోపం: సమాచారం అందకపోవడం, లేదా ఒకదానికొకటి పొంతన లేకుండా అందడం. ఒక కాగితం 'అన్‌ఫిట్' అంది, వైద్యుడు 'భయం లేదు' అన్నాడు.

ఊహించలేకపోవడం: వ్యాధి ఇకముందు ఎలా నడుస్తుందో తెలియకపోవడం.

మిషెల్ మరొక ముఖ్యమైన విషయం చెప్పారు. అనిశ్చితి దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మనిషి దానిని ప్రమాదంగా లెక్కగడితే భయం పుడుతుంది, అవకాశంగా లెక్కగడితే ఆశ పుడుతుంది. 1990లో తన సిద్ధాంతాన్ని విస్తరించినప్పుడు, దీర్ఘవ్యాధి గలవారు కాలక్రమంలో అనిశ్చితిని జీవితంలో ఒక భాగంగా స్వీకరించి కొత్త దృష్టిని ఏర్పరచుకోగలరని ఆమె వివరించారు. అంటే, అనిశ్చితిని పూర్తిగా తొలగించడమే ఎప్పుడూ లక్ష్యం కానక్కరలేదు. తొలగించదగిన దానిని తొలగించి, మిగిలిన దానితో బతకడం నేర్చుకోవాలి. అందుకు ఏది తొలగించదగినదో ముందుగా తెలియాలి.

9.4 మూడు రకాల సందేహాలు

రోగిలోని సందేహాలన్నీ కలగలిసి ఒకే ముద్దగా, ఒకే భయంగా ఉంటాయి. వాటిని విడదీయడమే ఎదుర్కోవడంలో మొదటి మెట్టు. ప్రతి సందేహానికీ 'దీనికి జవాబు ఎవరి దగ్గర ఉంది?' అన్న ప్రశ్న వేయండి. జవాబు కాలం దగ్గర ఉండవచ్చు, పరీక్ష దగ్గర ఉండవచ్చు, మరో మనిషి దగ్గర ఉండవచ్చు.

9.4.1 కాలం చెప్పవలసినవి

హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీనును రక్తంలో గుర్తించే పరీక్షను హెచ్.బి.ఎస్.ఎజి. అంటారు. అది పాజిటివ్ అంటే వైరస్ ప్రస్తుతం శరీరంలో ఉందని అర్థం. ఆ ఒక్క ఫలితంతో అది కొత్తగా వచ్చిందో, ఏళ్ల తరబడి ఉన్నదో చెప్పలేం. ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికమైనదని నిర్ణయిస్తారు. ఈ సందేహంలో కొంత భాగానికి కాలమే జవాబు చెప్పాలి. ఎంత డబ్బు పెట్టినా ఆ ఆరు నెలలను నెలగా కుదించలేం.

'ఇది నాకు ఎప్పుడు వచ్చింది?' అన్న ప్రశ్నకు చాలామంది విషయంలో ఎన్నటికీ కచ్చితమైన జవాబు దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పసితనంలో వైరస్ సోకినవారిలో సుమారు 95 శాతం మందికి అది దీర్ఘకాలికంగా నిలిచిపోతుంది. పెద్దవయసులో సోకినవారిలో 5 శాతం కంటే తక్కువ మందికే అలా నిలుస్తుంది. అందుచేత దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్న పెద్దవారిలో చాలామందికి అది పుట్టినప్పుడో, పసితనంలోనో సోకి ఉండడానికి అవకాశం ఎక్కువ. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుంచి 1997లో వెలువడింది. దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో ఇది చేరింది 2011లో. మన ఉదాహరణలోని యువకుడి తరం పుట్టేనాటికి ఆ రక్షణ లేదు. 'ఎక్కడ అంటించుకొని వచ్చాడో' అన్న అనుమానానికి ఆ రక్తపరీక్షలో ఏ ఆధారమూ లేదని దీనివల్ల మీకు స్పష్టమవుతుంది. జవాబు లేని ప్రశ్నకు కుటుంబం తన ఊహను జవాబుగా పెట్టుకున్నది.

'ఇకముందు ఏమవుతుంది?' అన్నది మరో ప్రశ్న. దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉన్న పెద్దవారిలో సుమారు 20 నుంచి 30 శాతం మందికి కాలక్రమంలో సిరోసిస్ గాని, కాలేయ కేన్సర్ గాని రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. ఒక వ్యక్తి కాలేయం 30 శాతం పాడైందని దీని అర్థం కాదు. ఇలాంటివారు పదిమంది ఉంటే, వారిలో ఇద్దరికో ముగ్గురికో ఆ స్థితి రావచ్చు, ఏడెనిమిది మందికి రాకపోవచ్చు. ఆ ఇద్దరు ముగ్గురు ఎవరో మొదటి రోజున తెలియదు. వారిని ముందుగా గుర్తించి, సమయానికి మందు ఇవ్వడం కోసమే ఆరు నెలలకోసారి రమ్మంటారు. 'ఆరు నెలలకోసారి చూపించుకో' అన్న మాటకు అసలు అర్థం ఇది.

9.4.2 పరీక్ష చెప్పగలిగినవి

కొన్ని సందేహాలు కాలం కోసం ఆగవలసినవి కావు. తగిన పరీక్షతో తీరుతాయి. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది.

• వైరస్ ఎంత ఉంది? హెచ్.బి.వి. డి.ఎన్.ఎ. పరీక్ష చెబుతుంది.
• వైరస్ చురుకుగా పెరుగుతున్నదా? హెచ్.బి.ఇ.ఎజి. పరీక్ష కొంత సూచన ఇస్తుంది.
• కాలేయ కణాలు దెబ్బతింటున్నాయా? ఎస్.జి.పి.టి. అనే రక్తపరీక్ష సూచిస్తుంది.
• కాలేయం గట్టిపడిందా, మచ్చకట్టిందా? అల్ట్రాసౌండ్, ఫైబ్రోస్కాన్, ప్లేట్‌లెట్ల సంఖ్య కలిపి చూసి అంచనా వేస్తారు.

ఒక పరీక్ష చెప్పని విషయాన్ని దాని చేత చెప్పించబోతే కొత్త గందరగోళం పుడుతుంది. ఉదాహరణకు, వైరస్ సంఖ్య లక్షల్లో కనిపించగానే కాలేయం పూర్తిగా పాడైందని కొందరు బెంబేలెత్తుతారు. వైరస్ ఎక్కువగా ఉండి కాలేయం దాదాపు మామూలుగా ఉండే దశ కూడా ఈ వ్యాధిలో ఉంది. అలాగే ఎస్.జి.పి.టి. ఒకసారి మామూలుగా వచ్చిందని పరీక్షలు మానేయడమూ పొరపాటే. అది నెలల తేడాతో పెరిగి తగ్గుతూ ఉండవచ్చు.

ఇటువంటిదే మరో పొరపాటు కొవ్వు కాలేయం విషయంలో తరచుగా జరుగుతుంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని ఉంటే, రెండో దశ కేన్సర్ లాంటిదేదో అని భయపడేవారున్నారు. అక్కడ గ్రేడ్ తెలిపేది కాలేయంలో కనిపించిన కొవ్వు ఎంతో మాత్రమే. మచ్చకట్టడాన్ని వేరే పద్ధతుల్లో, ఎఫ్0 నుంచి ఎఫ్4 వరకు గల దశలుగా లెక్కిస్తారు. గ్రేడ్ వేరు, దశ వేరు.

పరీక్షలకు అయ్యే ఖర్చు కూడా అనిశ్చితికి ఒక కారణమే. కేంద్ర ప్రభుత్వం 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద గుర్తించిన ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో హెపటైటిస్-బి, సి వ్యాధులకు పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లాలో ఆ కేంద్రం ఎక్కడుందో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, జిల్లా ఆసుపత్రిలో గాని అడిగి తెలుసుకోండి.

9.4.3 మనిషి చెప్పవలసినవి

మూడో రకం సందేహాలకు జవాబులు ఇప్పటికే ఉన్నాయి. వైద్యశాస్త్రానికి తెలుసు, వైద్యుడికి తెలుసు. రోగికి మాత్రం చేరలేదు. మన యువకుడి ఇంట్లో కష్టం తెచ్చినవి ప్రధానంగా ఇవే.

కలిసి తింటే వస్తుందా? రాదు. ఒకే కంచం, ఒకే గ్లాసు వాడినా, పక్కన కూర్చున్నా, కౌగిలించుకున్నా, ఎత్తుకున్నా హెపటైటిస్-బి వ్యాపించదు. అది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్లు తోముకునే బ్రష్షు, గోళ్లు తీసే పరికరం ఎవరివి వారు వాడుకోవాలి.

భార్యాపిల్లల మాటేమిటి? వారికి రక్తపరీక్ష చేయించాలి. సోకకపోతే, రక్షణ కూడా లేకపోతే టీకా వేయించాలి. భార్యకు రక్షణ ఏర్పడిందని తేలేవరకు కండోమ్ వాడాలి. గర్భిణికి ఈ వైరస్ ఉంటే వైద్యుడికి ముందే చెప్పాలి. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోగా టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తే చాలావరకు కాపాడవచ్చు.

పని చేయవచ్చా? కాలేయం బాగా దెబ్బతినని వ్యక్తి మామూలు పనులన్నీ చేసుకోవచ్చు. 'అన్‌ఫిట్' అన్నది పనికి పిలిచిన దేశపు ప్రవేశ నిబంధన. అతని శరీరం పనికి రాదన్న తీర్పు కాదు.

ఏం తినాలి? పసుపు, నూనె, ఉప్పు పూర్తిగా మానవలసిన అవసరం సాధారణంగా లేదు. మద్యం మాత్రం మానాలి. అప్పటికే దెబ్బ తగిలిన కాలేయానికి మద్యం మరింత హాని చేస్తుంది.

పసరు మందు సంగతేమిటి? ఇక్కడ మన భాషలోని ఒక చిక్కును గమనించాలి. 'కామెర్లు' అన్నది ఒక వ్యాధి పేరు కాదు, కళ్లు పచ్చబడే లక్షణం పేరు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగినవారు పసరుతోనే తగ్గిందని నమ్ముతారు. అదే నమ్మకంతో దీర్ఘకాలిక హెపటైటిస్-బి రోగికి కూడా దానినే సూచిస్తారు. అది వైరస్‌ను పోగొట్టదు. అందులో ఏముందో తెలియని కొన్ని మందులు కాలేయాన్నే దెబ్బతీయవచ్చు. పసరు ఇప్పించిన బంధువు మోసగాడు కాకపోవచ్చు. రెండు వేర్వేరు వ్యాధులకు ఒకే పేరు విన్నాడు, అంతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

కింది సందేహాలు మూడు రకాల్లో దేనికి చెందుతాయో రాయండి.
అ) నా కాలేయం గట్టిపడిందా?
ఆ) నా బిడ్డను ఎత్తుకోవచ్చా?
ఇ) పదేళ్ల తరవాత నాకు ఏమవుతుంది?

9.5 సంభాషణ ఎక్కడ దెబ్బతింటుంది?

వైద్యుడి నిర్లక్ష్యమే కారణమని తేల్చేయడం సులభం. కాని దెబ్బతినే చోట్లు చాలా ఉన్నాయి.

మాటలు: 'పాజిటివ్' అన్న మాట మామూలు వాడుకలో మంచిని సూచిస్తుంది, ఆసుపత్రిలో చెడును సూచిస్తుంది. 'క్యారియర్' అంటే వైద్యుడి దృష్టిలో వైరస్‌ను మోస్తున్నవాడు. వినేవారికి గుర్తొచ్చేది అన్నం క్యారియర్. 'బి పాజిటివ్' రక్తం గ్రూపు అయింది.

ధైర్యవచనం: 'భయపడాల్సింది ఏమీ లేదు' అన్న మాట దయతో అన్నదే. అయితే ఆ మాట విన్న రోగికి ఇంకా ప్రశ్న అడగడం అమర్యాదగా తోస్తుంది. సంభాషణ అక్కడితో మూతపడుతుంది. కారణం చెప్పని ధైర్యం ఇంటి గడప దాటేలోగా కరిగిపోతుంది.

జ్ఞాపకం: బ్రిటన్‌కు చెందిన మనోవిజ్ఞానశాస్త్రవేత్త ఫిలిప్ లే, వైద్యుడు చెప్పినదాన్ని రోగులు ఎంతవరకు గుర్తుంచుకుంటారో విస్తృతంగా పరిశోధించారు. చెప్పినది అర్థం కావడం, గుర్తుండడం, దానితో తృప్తి కలగడం, ఈ మూడింటి మీదనే రోగి సలహాను పాటించడం ఆధారపడుతుందని ఆయన వివరించారు. వ్యాధి పేరు విన్న దిగ్భ్రాంతిలో ఆ తరవాతి మాటలు చాలావరకు చెవిని దాటవు.

మధ్యవర్తులు: మన ఉదాహరణలో మొదటి వార్త ఏజెంటు ఫోనులో వచ్చింది. చాలా కుటుంబాల్లో వైద్యుడి మాటలు ముందుగా అన్నకో, బావకో చేరతాయి. 'ఆయనకు చెప్పకండి, తట్టుకోలేడు' అని వారు కోరతారు. ప్రేమతో చేసిన ఆ పని వల్ల రోగి అందరి ముఖాలూ చూస్తూ, అసలు కంటే పెద్ద జబ్బును ఊహించుకుంటాడు.

9.6 ఎదుర్కొనే మార్గాలు

లాజరస్, ఫోక్‌మన్ అనే మనోవిజ్ఞానశాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన గ్రంథంలో ఎదుర్కోవడాన్ని రెండు విధాలుగా విభజించారు. సమస్యను మార్చడానికి చేసే ప్రయత్నం మొదటిది. సమస్య వల్ల కలిగే ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం రెండోది. మార్చగలిగిన పరిస్థితికి మొదటిది, మార్చలేని దానికి రెండోది ఎక్కువగా ఉపయోగపడతాయి. 9.4లో చెప్పిన విభజన ఇక్కడ పనికి వస్తుంది. పరీక్ష చెప్పగలిగిన దానికి, మనిషి చెప్పవలసిన దానికి మొదటి మార్గం పట్టాలి. కాలం చెప్పవలసిన దానికి రెండోది పట్టాలి. దీన్ని తారుమారు చేసినప్పుడే నష్టం జరుగుతుంది. కాలం తేల్చవలసిన దానిని పసరుతోనో, వైద్యుల్ని మార్చడంతోనో తేల్చబోతాం. ఒక్క ప్రశ్నతో తేలిపోయే దానిని విధి అనుకొని నెలల తరబడి భరిస్తాం.

కింది పద్ధతులను మీరు మీ కోసం గాని, మీ ఇంటివారి కోసం గాని వాడుకోవచ్చు.

1. మూడు గళ్ల కాగితం: ఒక నోటు పుస్తకంలో పేజీని మూడు గళ్లుగా విభజించండి. 'ఆగాలి', 'పరీక్ష', 'అడగాలి' అని పేర్లు పెట్టండి. మనసులోకి వచ్చిన ప్రతి భయాన్నీ తగిన గడిలో రాయండి. రాయడం రానివారికి ఇంట్లో చదువుకునే పిల్లలు రాసిపెట్టవచ్చు. భయాలు అంతులేనివిగా తోచినా, రాసి చూస్తే ఎనిమిదో పదో ఉంటాయి.

2. మూడు ప్రశ్నలు: వైద్యుడి దగ్గర సమయం తక్కువ. 'అడగాలి' గడిలోంచి మూడు ముఖ్యమైన ప్రశ్నలు ఎంచుకొని, లోపలికి వెళ్లగానే "సార్, మూడు ప్రశ్నలు రాసుకొచ్చాను" అని చెప్పండి. ఎన్ని ఉన్నాయో ముందే తెలిస్తే వినే ఓపిక వారికీ ఉంటుంది.

3. తిరిగి చెప్పడం: బయటికి వచ్చే ముందు "నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే సరిదిద్దండి సార్" అని రెండు వాక్యాల్లో చెప్పండి. మన యువకుడు "అంటే నా రక్తం బి పాజిటివ్, అంతేగా సార్?" అని ఒక్కసారి అని ఉంటే, ఆ పొరపాటు అక్కడే బయటపడేది.

4. కాగితాలు: అన్ని రిపోర్టులూ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. మీ వైద్య రికార్డులు కోరితే 72 గంటల్లోగా ఇవ్వాలని భారత వైద్యమండలి 2002 నాటి వృత్తి నియమావళి చెబుతుంది. చికిత్సకు సమ్మతి తీసుకునే ముందు రోగికి తగినంత సమాచారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. అడగడం మీ హక్కు. మర్యాదగా అడిగినంత మాత్రాన ఆ హక్కు తగ్గదు.

5. తేదీ: 'ఆగాలి' గడిలోని ప్రతి విషయం ఎదుట తరవాతి పరీక్ష తేదీ రాయండి. అంతులేని ఎదురుచూపు కంటే తేదీ ఉన్న ఎదురుచూపు తేలిక. అర్ధరాత్రి భయం వేసినప్పుడు 'దీని సంగతి ఫలానా తేదీన చూస్తాం' అని మనసుకు చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

6. ఒక్క మనిషి: ఊరందరికీ చెప్పనక్కరలేదు. అందరి దగ్గరా దాచనక్కరలేదు. భార్య లేదా భర్తకు తప్పక చెప్పాలి, ఎందుకంటే వారికి పరీక్ష, టీకా అవసరం. వారిని వైద్యుడి దగ్గరకు వెంట తీసుకెళ్లండి. ఒకరు మరచినది మరొకరికి గుర్తుంటుంది. నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం వారాల తరబడి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు.

ఒక హెచ్చరిక. వైద్యుడు మందు మొదలుపెడితే, రిపోర్టు బాగా వచ్చిందని సొంతంగా ఆపకండి. వైరస్ ఒక్కసారిగా విజృంభించే ప్రమాదం ఉంది. మరే జబ్బుకైనా స్టీరాయిడ్లు గాని, కేన్సర్ మందులు గాని ఇవ్వబోతే, మీకు హెపటైటిస్-బి ఉన్న సంగతి ముందుగా చెప్పండి.

9.7 సమాచారం చెప్పేవారికి

మీలో నర్సులు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉండవచ్చు. కష్టమైన వార్త చెప్పడానికి వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు 2000 సంవత్సరంలో ఆరు మెట్ల పద్ధతిని ప్రచురించారు. కేన్సర్ రోగుల కోసం రూపొందించినా అది ఇక్కడా పనికి వస్తుంది. అనువైన చోటు చూసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, తేలికమాటల్లో కొంచెం కొంచెంగా చెప్పడం, అతని ఉద్వేగాన్ని గుర్తించడం, చివరికి తరవాత చేయవలసిన పనిని చెప్పి ముగించడం ఆ మెట్లు. రోగికి ఏం తెలుసో అడిగిన తరవాతే చెప్పడం మొదలవుతుందని గమనించండి. 'దీని గురించి మీరు ఏం విన్నారు?' అన్న ప్రశ్న వేస్తే పసరు, కంచం, అనుమానం అన్నీ బయటికి వస్తాయి. అప్పుడు వాటికి జవాబు చెప్పవచ్చు.

మీకు తెలియనిది అడిగితే 'ఇది ఇప్పుడే చెప్పలేం, ఫలానా పరీక్ష తరవాత తెలుస్తుంది' అనండి. రోగి దానిని తట్టుకోగలడు. అతను తట్టుకోలేనిది మౌనాన్ని.

9.8 సారాంశం

కాలేయవ్యాధి చాలాకాలం లక్షణాలు చూపకపోవడం వల్ల రోగి ఇతరుల మాటల మీద ఆధారపడతాడు. నిర్ధారణ సమయంలోని అనిశ్చితి అంతా ఒకే రకం కాదు. కొంత వ్యాధి స్వభావంలోనే ఉంది, దానికి కాలం జవాబు చెబుతుంది. కొంత పరీక్షతో తీరుతుంది. మిగిలినది సంభాషణ లోపం వల్ల పుట్టింది, అడిగితే తీరుతుంది. మన ఉదాహరణలో యువకుడు కోల్పోయిన రెండు నెలల పని, కుటుంబంలో నమ్మకం, ఈ మూడో రకం సందేహాల వల్ల పోయినవి. కంచం వేరు చేయనక్కరలేదని ఒక్కరు చెప్పి ఉంటే, భార్యకు పరీక్ష, టీకా ఉన్నాయని ఒక్కరు చెప్పి ఉంటే, అతనికి వైరస్ ఉన్నా ఇల్లు ఇల్లుగా ఉండేది. వైరస్ సంగతి ఆరు నెలలకోసారి చూడవచ్చు. చెప్పని మాట సంగతి ఆ రోజే చూడాలి.

9.9 కీలక పదాలు

అనిశ్చితి: వ్యాధికి సంబంధించిన సంఘటనలకు అర్థాన్ని నిర్ణయించుకోలేని స్థితి.
దీర్ఘకాలిక హెపటైటిస్-బి: హెచ్.బి.ఎస్.ఎజి. ఆరు నెలలకు మించి పాజిటివ్‌గా ఉండడం.
సిరోసిస్: కాలేయం మచ్చకట్టి గట్టిపడి, దాని నిర్మాణం మారిపోయిన స్థితి.
తిరిగి చెప్పడం: విన్న విషయాన్ని సొంత మాటల్లో చెప్పి సరిచూసుకునే పద్ధతి.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. అ) పరీక్ష చెప్పగలిగినది. ఆ) మనిషి చెప్పవలసినది. ఇ) కాలం చెప్పవలసినది.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మిషెల్ చెప్పిన అనిశ్చితి రూపాలను ఒక కాలేయవ్యాధి ఉదాహరణతో వివరించండి.
2. రోగికి, వైద్యుడికి మధ్య సంభాషణ దెబ్బతినే సందర్భాలను చర్చించి, వాటిని సరిదిద్దే మార్గాలను సూచించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. '20 నుంచి 30 శాతం' వంటి సంఖ్యను ఒక రోగికి మీరు ఎలా వివరిస్తారు?
2. 'కామెర్లు' అన్న పదం వల్ల కలిగే అపోహలను తెలపండి.
3. మీకు తెలిసిన ఒక కుటుంబంలో వ్యాధి వార్తను రోగి నుంచి దాచిన సందర్భం ఉంటే, పేర్లు రాయకుండా దాని ఫలితాలను పరిశీలించండి.